మన లేసు - మన లెక్క

అక్కా! మీ చేతిలో లేసు సూది ఉంది. పక్కన దారం ఉండ ఉంది. ఒళ్లో సగం అల్లిన పువ్వు ఉంది. ఇప్పుడు పుస్తకం కూడా చేతికి వచ్చింది. ఈ పాఠం నరసాపురం లేసు గురించి. నెమ్మదిగా చదవండి. మీకు తెలిసిన మాటలే ఎక్కువ.

పశ్చిమ గోదావరి జిల్లాలో నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు లేసు అల్లుతారు. వంటపని ముగిశాక అరుగు మీద కూర్చుంటారు. మాటలు మాటలే, అల్లిక అల్లికే. ఈ పని ఇక్కడ పుట్టింది కాదు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు వచ్చి నేర్పారు. తల్లి దగ్గర కూతురు, అత్త దగ్గర కోడలు నేర్చుకున్నారు. మన అరుగు మీద అల్లిన లేసు ఓడ ఎక్కి విదేశాలకు పోయింది.

మరి డబ్బు ఎక్కడికి పోయింది?

జర్మనీ దేశం నుంచి మరియా మీస్ అనే ఆమె నరసాపురం వచ్చింది. లేసు అల్లే ఆడవాళ్లతో మాట్లాడింది. 1982లో వాళ్ల గురించి పుస్తకం అచ్చయింది. ఇంటిపని కాక, రోజుకు 6 నుంచి 8 గంటలు వాళ్లు లేసు పని చేసేవాళ్లు. అయినా రోజుకు రూపాయి కూడా గిట్టేది కాదు. పొలం పనికి వెళ్లే ఆడవాళ్ల కనీస కూలి కంటే అది బాగా తక్కువ. ఊళ్లో మాత్రం వాళ్లను ‘ఇంట్లో కూర్చునే ఆడవాళ్లు’ అనేవారు. కూర్చున్నారు, నిజమే. ఊరికే కూర్చోలేదు కదా!

ఎందుకు అంత తక్కువ? ఈ మాటలు వినండి.

“వదినా, ఈ పువ్వులు దేనికి?”
“ఏమో. వంద పువ్వులు అడిగారు. వంద ఇస్తాను.”
“అతికేది ఎవరు?”
“పక్క ఊళ్లో ఎవరో.”
“అమ్మేది ఎంతకి?”
“అది మనకెందుకు చెబుతారే!”

లేసులో పని ముక్కలు ముక్కలుగా ఉంటుంది. పువ్వులు అల్లేది చేతిపని. వాటిని కలిపేది అతుకుపని. చేతిపని ఒకరిది, అతుకుపని ఇంకొకరిది. దారం ఏజెంటు ఇస్తాడు. నమూనా పైనుంచి వస్తుంది. పువ్వు అల్లిన ఆమెకు పూర్తి గుడ్డ కంటికి కనపడదు. కనపడని గుడ్డకు ధర ఎలా అడుగుతుంది?

గుడ్డ మొత్తాన్ని ముందే మనసులో చూసే మనిషిని డిజైనర్ అంటారు. ఏ పువ్వు, ఎంత దారం, ఏ రంగు, ఎవరు కొంటారు, ఎంతకి కొంటారు అని ఆమే ఆలోచిస్తుంది. ఇది చదువుకున్న పట్నం వాళ్ల పని అనుకోకండి. మీరు రోజూ వాకిట్లో ముగ్గు వేస్తారు. ముందు చుక్కలు పెడతారు. ఎన్ని చుక్కలు, ఎన్ని వరసలు అని లెక్క పెడతారు. అది డిజైన్ కాకపోతే మరేమిటి?

పిల్లల లెక్కల పుస్తకంలో గళ్ల కాగితం ఉంటుంది. ఒకటి తీసుకోండి. గడి నింపితే నిండు అల్లిక. గడి వదిలితే కిటికీ. ఇలా గళ్లు నింపుతూ చేప వేయండి. తెరచాప పడవ వేయండి. అరటి గెల వేయండి. పక్కన రాయండి: గొలుసు ఎన్ని, వరసలు ఎన్ని. తల్లి దగ్గర నేర్చిన నమూనా తలలోనే ఉంటే ఒకనాడు పోతుంది. కాగితం మీద ఉంటే మీ కూతురికీ ఉంటుంది. అది మీదేనని చూపడానికి తేదీ కూడా వేయండి.

ఇప్పుడు లెక్క. మీరే ఒక బల్లగుడ్డ అల్లారు అనుకుందాం. (ఇవి నేర్చుకోవడానికి వేసిన అంకెలు. మీ అంకెలు మీరు వేసుకోండి.)

దారం 120 రూపాయలు.
పని 20 గంటలు. గంటకు 40 చొప్పున 800 రూపాయలు.
ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, సంచిలో పెట్టడానికి 30 రూపాయలు.
బస్సు చార్జీ 50 రూపాయలు.
మొత్తం 1000 రూపాయలు.

ఇది లాభం లేని ధర. దీనికి తక్కువ అమ్మితే మీ చేతి కూలి మీరే వదులుకున్నట్టు. ఇదే గుడ్డకు ఏజెంటు దారం ఇచ్చి, కూలి 250 ఇచ్చాడు అనుకోండి. 20 గంటలకు 250. గంటకు పన్నెండున్నర. చాలామంది ‘పని’ అనే వరస రాయరు. దారం ఖరీదు ఒక్కటే రాసి, మిగిలిందంతా లాభం అనుకుంటారు. అక్కడే మోసపోతాం, మనకు మనమే.

అలాగని రేపే ఏజెంటును మానేయమని చెప్పను. ఆ కూలి మీద ఇల్లు నడుస్తుంటే అది ప్రమాదం. నెలకు ఒక్క గుడ్డ మీ సొంతానికి అల్లండి. అతుకుపని వచ్చిన చెల్లిని కలుపుకోండి. బల్లగుడ్డలు ఎందరో అల్లుతున్నారు. జాకెట్టు చేతులకు అంచు, పిల్లల గౌను మెడ, చేతిసంచి చేసి చూడండి. దారాన్ని ముందు ఉతికి చూడండి, రంగు దిగుతుందేమో. తెల్ల లేసుకు చేతి చెమట అంటితే పసుపు తిరుగుతుంది. చేతులు కడుక్కుని కూర్చోండి. ఆర్డరు వస్తే కొంత డబ్బు ముందే అడగండి. కాగితం మీద రాయించండి. చదివి, అప్పుడు సంతకం పెట్టండి.

యంత్రం లేసు చవకగా వస్తోంది. దానితో ధరలో పోటీ పడలేం. అది లేసును పోలి ఉంటుంది, అంతే. క్రోషా కుట్టు చేత్తో వేయాల్సిందే. 2024లో నరసాపురం క్రోషా లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే వేరేచోట చేసిన సరుకును ఆ పేరుతో అమ్మకూడదు. మీరు ఆ గుర్తు వాడుకోవాలంటే వాడకందారుగా పేరు నమోదు చేయించాలి. చేతిపనివారికి కేంద్ర ప్రభుత్వం గుర్తింపు కార్డు ఇస్తుంది. సర్కారు ప్రదర్శనల్లో దుకాణం అడగడానికి అది పనికొస్తుంది. నరసాపురం దగ్గర సీతారామపురంలో లేసు పార్కు ఉంది. వెళ్లి అడగండి. అడిగితే పోయేదేమీ లేదు, బస్సు చార్జీ తప్ప.

పని తెలిసినవాళ్లను కలుపుకుని పేరు తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. హైదరాబాదు డిజైనర్ గౌరంగ్ షా జాందానీ నేతగాళ్లతో కలిసి చీరలు తయారు చేయిస్తారు. 2018లో వచ్చిన ‘మహానటి’ సినిమా దుస్తులకు ఆయనకూ మరో ఇద్దరికీ జాతీయ అవార్డు దక్కింది. మన వైపు ఉప్పాడలోనూ జాందానీ నేస్తారు. అక్కడా డిజైను ముందు గళ్ల కాగితం మీదే పుడుతుంది.

లెక్క చేయండి:

1. ఒక గుడ్డకు 24 పువ్వులు కావాలి. ఒక్కో పువ్వుకు 25 నిమిషాలు పడుతుంది. మొత్తం ఎన్ని గంటలు?

2. పువ్వుకు 5 రూపాయలు ఇచ్చారు. మొత్తం ఎంత వచ్చింది? గంటకు ఎంత పడింది?

3. మీరు నిన్న ఎన్ని గంటలు అల్లారు? ఎంత వచ్చింది? ఇక్కడ రాయండి.