అర్ధరాత్రి కీర్తన

ఈ నెల మనము అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయమును ధ్యానింతము. ఫిలిప్పీ పట్టణములో పౌలు సీలలు బెత్తపు దెబ్బలు తిని, లోపలి చెరసాలలో కాళ్లకు బొండతో పడియుండిరి. చెరసాల నాయకుడు వారి గాయములు కడిగినది భూకంపము తరువాతనే. అనగా నెత్తురు ఆరని వీపులతోనే వారు ప్రార్థించి పాడిరి. తలుపులు తెరువబడునని వారెరుగరు.

ఆ చీకటిలో పుస్తకమెక్కడిది? కంఠములో నున్నదే పాడవలెను. మన సంఘములలో చదువురాని అవ్వలు పురుషోత్తమ చౌదరిగారి (1803–1890) కీర్తనలను చరణము తప్పక పాడుదురు. ఆసుపత్రి మంచముమీద ఆ ధనము వారికున్నది. పుస్తకము చూడనిదే రెండవ చరణము పాడలేని మనకో? కాబట్టి కుటుంబ ప్రార్థనలో నెలకొక కీర్తననైనను పుస్తకము మూసి నేర్చుకొందము. రాగము కుదరకున్నను చింతలేదు. పౌలు గాత్రమును గూర్చి లూకా యేమియు వ్రాయలేదు!

దుఃఖముచేత నోరు పెగలనివారి మాటయేమి? వారిని పాడుమని నిర్బంధింపరాదు. మనమే వారి యింటికి వెళ్లి, ప్రక్కన కూర్చుండి పాడవలెను. ఆ రాత్రి తక్కిన ఖైదీలు పాడలేదు, విన్నారు. ఊడిన సంకెళ్లలో వారివియు ఉన్నవి.