పాత కారు లైట్లకు అసలు రంగు కలపడం ఎలా?



పాత కారును కొత్తగా చేయడం వేరు, మొదట ఎలా ఉండేదో అలా చేయడం వేరు. రెండోదానికి ఓపికతోపాటు సైన్సు కూడా కావాలి. అంబాసిడర్ కారునే తీసుకుందాం. 1950ల చివరి నుంచి 2014 వరకు ఇది పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో తయారైంది. పాత కార్లలో హెడ్‌లైట్ల వెనుక బురద, తేమ చేరి రేకు తుప్పు పడుతుంది. దాన్ని బాగుచేసి వేసిన రంగు పక్కనున్న పాత రంగుతో కలవకపోతే అతుకులా కనబడుతుంది. మరి అసలు రంగును పట్టుకోవడం ఎలాగో చూద్దాం.

1. అసలు రంగును వెతకడం

పైకి కనబడేది అసలు రంగు కాదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు ఎరుపు వెలిసిపోతుంది. తెలుపు ఏళ్లు గడిచేకొద్దీ పసుపు తిరుగుతుంది. అందుకని లైటు చుట్టూ ఉన్న రింగును, దాని కింది రబ్బరును తీసి చూడాలి. ఎండ తగలని ఆ చోట రంగు అంతగా మారదు. కారుకు మళ్లీ మళ్లీ రంగు వేసి ఉంటే, అక్కడే రూపాయి బిళ్లంత చోటును నీళ్లు పోస్తూ సన్నని వాటర్ పేపరుతో రుద్దాలి. చెట్టు మొదలు కోస్తే కనబడే వలయాల్లాగా పొరలు బయటపడతాయి. కారును ఎప్పుడూ రేకు దాకా గీకి ఉండకపోతే, అడుగు ప్రైమరును ఆనుకుని ఉన్న పొరే కంపెనీ రంగు.

2. రంగు కలపడం

రంగు షేడును కొలవడానికి స్పెక్ట్రోఫోటోమీటర్ అనే యంత్రం ఉంది. దాన్ని చదునైన, శుభ్రమైన చోట ఆనించాలి. వంపు ఉన్నచోట బయటి వెలుతురు దూరి కొలత తప్పుతుంది. యంత్రం చెప్పేది మొదటి అంచనా మాత్రమే, చివరి తీర్పు కంటిదే.

డబ్బాలోని తడి రంగును చూసి నిర్ణయించరాదు. రేకు ముక్కకు అదే ప్రైమరు వేసి, అదే గన్‌తో రంగు కొట్టి, పూర్తిగా ఆరాక పోల్చాలి. తేడా ఉంటే కొద్దికొద్దిగా కలుపుతూ ప్రతిసారీ తూకం రాసుకోవాలి. తెలుపులో నలుపు ఒక్క చుక్క ఎక్కువైతే దాన్ని సరిచేయడానికి ఎంతో తెలుపు పోయాల్సి వస్తుంది.

3. ఏ వెలుతురులో చూడాలి?

ఇది మన భౌతికశాస్త్రం పాఠమే. వస్తువు తనపై పడిన కాంతిలో కొంత పీల్చుకుని మిగిలింది వెనక్కి పంపుతుంది. ఆ మిగిలిందే మనకు కనబడే రంగు. వేర్వేరు పదార్థాలతో చేసిన రెండు రంగులు ట్యూబులైటు కింద ఒకేలా ఉండి, పగటి వెలుతురులో వేరుగా కనబడవచ్చు. దీన్ని మెటామెరిజం అంటారు. కాబట్టి షెడ్డు బయట నీడపట్టున ఒకసారి, లైటు కింద ఒకసారి పోల్చాలి.

4. జాగ్రత్తలు

లైటు లోపలి రిఫ్లెక్టరుపై రంగు పడరాదు, పడితే వెలుగు తగ్గుతుంది. పాత రంగుల్లో, ముఖ్యంగా పసుపు, ఎరుపుల్లో సీసం ఉండవచ్చు. అందుకే పొడిగా గీకరాదు, చేతులు కడగకుండా అన్నం తినరాదు. హార్డెనరు కలిపి కొట్టే రంగుల్లో ఉండే ఐసోసైనేట్ల వల్ల ఉబ్బసం వస్తుంది. ముక్కుకు కట్టిన రుమాలు వాటిని ఆపలేదు. తగిన మాస్కు కావాలని యజమానిని అడగడానికి మొహమాటపడవద్దు.

చదువు మధ్యలో షెడ్లకు పనికి వెళ్లేవాళ్లు మనలో ఉన్నారు. పని నేర్చుకుందాం, పేరు తెచ్చుకుందాం. కానీ ఊపిరితిత్తులను పణంగా పెట్టి నేర్చుకోవాల్సిన పని ఏదీ లేదు.