మాటకు హద్దు

పల్నాడు జిల్లాలోని చిలకలూరిపేట పరిసరాలలో నల్లరేగడి నేలలు విస్తారంగా ఉన్నాయి. 2022కు పూర్వం ఈ ప్రాంతం గుంటూరు జిల్లాలో భాగం. ఇచ్చటి రైతుకు ప్రత్తి, మిరప పంటలే జీవనాధారం. నాటిన విత్తనం మొలవకపోయినా, మొక్క ఏపుగా ఎదిగి కాపు లేకపోయినా అతని కుటుంబం అప్పుల పాలవుతుంది. అటువంటి రైతు ఒకడు, “ఫలానా దుకాణదారుడు నకిలీ విత్తనాలు అమ్మినాడు” అని కరపత్రం అచ్చువేయించి ఊరంతా పంచినాడనుకొందాం. దుకాణదారుడు పరువునష్టం దావా వేస్తే రైతు గతి ఏమిటి?

భారత రాజ్యాంగం 19వ అధికరణం పౌరులకు వాక్‌స్వాతంత్ర్యాన్ని ప్రసాదించింది. అదే అధికరణం రెండవ ఖండం ఆ స్వేచ్ఛకు హద్దులను పేర్కొన్నది. వానిలో పరువునష్టం ఒకటి. నష్టపరిహారం కోరే సివిల్ దావాలో, తాను పలికినది సత్యమని రుజువు చేస్తే చాలు, రైతు బయటపడతాడు. క్రిమినల్ కేసులో అది చాలదు. మాట సత్యమై ఉండవలెను. దానిని వెల్లడించుట ప్రజాహితం కొరకై ఉండవలెను. ఈ నేరానికి రెండేండ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. 2016లో సుప్రీంకోర్టు ఈ చట్టం చెల్లుతుందని తీర్పు చెప్పింది. విత్తనం నకిలీదని నిరూపించుటకు ప్రయోగశాల నివేదిక కావాలి. పేదరైతుకు అది సులభసాధ్యం కాదు. అయితే చట్టం ఒక దారిని తెరచి ఉంచింది. అదే ఆరోపణను, తగిన జాగ్రత్తతో విచారించుకొని, సద్బుద్ధితో వ్యవసాయాధికారికి ఫిర్యాదుగా అందజేస్తే అది పరువునష్టం కాదు. మాట ఒక్కటే అయినా, అది ఎవరి ఎదుట, ఏ ఉద్దేశంతో వెలువడినదన్నది ముఖ్యం.

వ్యక్తికి పరువు ఉన్నది, సరే. మరి ప్రభుత్వం తనను దూషించినవారిని శిక్షించవచ్చునా? ఆంగ్లేయుల పాలనలో ఈ ప్రశ్నకు సమాధానం కఠినంగా ఉండేది. 1908లో బెజవాడ నుండి వెలువడిన ‘స్వరాజ్య’ పత్రికకు గాడిచర్ల హరిసర్వోత్తమరావు సంపాదకుడు. తిరునల్వేలిలో జరిగిన పోలీసు కాల్పులను నిరసిస్తూ ఆ పత్రిక ‘విపరీత బుద్ధి’ అనే వ్యాసాన్ని ప్రచురించింది. ప్రభుత్వం రాజద్రోహ నేరం మోపింది. దిగువ న్యాయస్థానం ఆరు నెలల శిక్ష విధించగా, అది స్వల్పమని ప్రభుత్వమే అప్పీలు చేసింది. మద్రాసు హైకోర్టు దానిని మూడేండ్లకు పెంచింది! ఆ వ్యాసం వలన ఎవరికైనా హాని కలిగినదా అన్న విచారణకు ఆ చట్టంలో పెద్దగా తావు లేదు. ప్రభుత్వంపై అప్రీతి కలిగించుటయే నేరం.

స్వాతంత్ర్యం వచ్చిన పిదప కూడ ఆ సెక్షను శిక్షాస్మృతిలో నిలిచియే ఉన్నది. 1962లో కేదార్‌నాథ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దానికి పగ్గం వేసింది: హింసకు గాని, శాంతిభద్రతల భంగానికి గాని పురికొల్పని విమర్శ, ఎంత తీవ్రమైనదైనా, రాజద్రోహం కాదు. 2022 మే 11న అదే న్యాయస్థానం ఆ సెక్షను అమలును నిలిపివేసింది. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో రాజద్రోహమన్న మాట లేదు. దేశ సార్వభౌమత్వానికి, సమైక్యతకు భంగం కలిగించే చర్యలను 152వ సెక్షను శిక్షిస్తుంది. వానిలో మాటలు, రాతలు కూడ చేరుతాయి. ప్రభుత్వ చర్యలను మార్చవలెనని చట్టబద్ధంగా చేసే విమర్శకు మినహాయింపు ఉన్నట్లు ఆ సెక్షను వివరణ తెలుపుతుంది. ఆ మినహాయింపు ఎంతవరకు వర్తిస్తుందో ఒక్కొక్క కేసులో న్యాయమూర్తులు తేల్చవలసి ఉంటుంది.