నాయనమ్మ ఒడి, కారు సీటు

సమస్య

ఇరవై రెండు నెలల ఆడపిల్లతో మ్యూనిక్ నుంచి బార్సిలోనా దాకా కారులో వెళ్ళి రావాలన్నది ఆలోచన. దారిలో వెరోనా, ఫ్లోరెన్స్, నీస్. జూన్ నెలాఖరులో పన్నెండు రోజులు. జర్మనీలో ఉద్యోగం చేస్తున్న కొడుకు, చల్లపల్లిలో ఉన్న అమ్మానాన్నలను కూడా రమ్మంటున్నాడు. ఉత్తరం రాసింది నాయనమ్మ.

కొడుకు కుటుంబం సంక్రాంతికి వచ్చినప్పుడు అందరూ కలిసి హంసలదీవి బయల్దేరారు. అవనిగడ్డ దాటకముందే పిల్ల రెండుసార్లు వాంతి చేసుకుంది. కారు సీటులో బెల్టు పెడితే గుక్కపట్టి ఏడ్చింది, ఒళ్ళోకి తీసుకోగానే ఊరుకుంది. నడిచే కారులో ఒళ్ళో కూర్చోబెట్టవద్దని కొడుకు అప్పుడే గట్టిగా అన్నాడు. ఆ మాట నాయనమ్మకు ఇప్పటికీ గుచ్చుకుంటోంది. కోడలు ఏ మాటా చెప్పదు. తాతయ్యకు మోకాళ్ళ నొప్పులు. పప్పన్నం, పెరుగన్నం తప్ప ముట్టని పిల్ల అక్కడ ఏం తింటుందో తెలియదు. మోపిదేవిలో పుట్టువెంట్రుకలు తీయిస్తామన్న మొక్కు ఇంకా తీరలేదు. రామంటే కొడుకు నొచ్చుకుంటాడు, వెళ్తే పిల్ల నలిగిపోతుంది. ఏం చేయాలన్నది ప్రశ్న.

సలహా

ఒడి విషయంలో కొడుకు చెప్పిందే సరైనది. ఆ మాట కటువుగా వచ్చి ఉండవచ్చు, నాయనమ్మ ప్రేమలో మాత్రం ఏ లోపమూ లేదు. చేతులకు ఉండే బలానికే ఒక హద్దు ఉంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు దేనికైనా గుద్దుకుని అర మీటరు లోపల ఆగిపోతే, 11 కిలోల బిడ్డ ఆ క్షణంలో 200 కిలోలకు పైగా బరువుతో ముందుకు దూసుకుపోతుంది. ఎంత గట్టిగా పట్టుకున్నా ఆ బరువును ఆపగలిగిన మనిషి లేడు. పెద్దవాళ్ళ బెల్టునే ఇద్దరికీ కలిపి పెట్టుకుంటే ఇంకా ప్రమాదం, వెనక ఉన్న మనిషి బరువంతా బిడ్డ మీదే పడుతుంది. ఐరోపా సమాఖ్య దేశాలన్నిటిలో ఈ వయసు పిల్లలకు ప్రత్యేకమైన సీటు తప్పనిసరి. భారతదేశంలోనూ 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకు బెల్టో, పిల్లల సీటో ఉండాలి. లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. అవనిగడ్డ రోడ్డుకూ ఇది వర్తిస్తుంది.

ఐరోపాలోని కొత్త ప్రమాణం ప్రకారం తయారైన సీటులో పదిహేను నెలలు నిండే దాకా పిల్లలను వెనక్కి తిప్పే కూర్చోబెట్టాలి. ఆ తర్వాత కూడా, సీటు కొలతకు సరిపోయినన్నాళ్ళు, అలాగే ఉంచడం మంచిది. పసిపిల్లల తల ఒంటితో పోలిస్తే పెద్దది, మెడ లేతది. వెనక్కి తిరిగి ఉంటే దెబ్బ అదురు వీపంతా పంచుకుంటుంది. ఇక ఏడుపు సంగతి. హంసలదీవి వెళ్ళిన రోజు ఆ పిల్లకు ఊరు కొత్త, మనుషులు కొత్త, సీటూ కొత్తే కావచ్చు. బయల్దేరడానికి వారం ముందు సీటును ఇంట్లోనే ఉంచి, అందులో బొమ్మను కూర్చోబెట్టి, తర్వాత పిల్లను కూర్చోబెట్టి ఆడించాలి. కారులో ఆ సీటు పక్క చోటు నాయనమ్మది. చెయ్యి పట్టుకోవచ్చు, పాట పాడవచ్చు, కథ చెప్పవచ్చు. ఎంతకీ ఊరుకోకపోతే రోడ్డు పక్క విశ్రాంతి స్థలంలో కారు ఆపి, అప్పుడు ఒళ్ళోకి తీసుకోవాలి. రెండు గంటలకొకసారి ఎలాగూ ఆగక తప్పదు.

వాంతులకు కారణం చాలాసార్లు బయల్దేరే ముందు కడుపునిండా పెట్టిన పాలు, అన్నమే. ప్రయాణపు వికారం రెండేళ్ళ లోపు పిల్లల్లో తక్కువ. అది రెండో ఏడు దాటాక మొదలై, బడి వయసులో ఎక్కువగా ఉంటుంది. ఈ పిల్ల ఆ గట్టు మీదే ఉంది. తేలికగా తినిపించి గంట ఆగి బయల్దేరడం, ఫోను చేతికివ్వకపోవడం, వంపులు తక్కువగా ఉన్న రోడ్డు ఎంచుకోవడం చాలావరకు సరిపోతాయి. మందుల షాపులో అడగ్గానే ఇచ్చే అవోమిన్‌లో ఉండేది ప్రోమెథజిన్. రెండేళ్ళ లోపు పిల్లల్లో అది ఊపిరి మందగించేలా చేయగలదు, కాబట్టి ఇవ్వనే కూడదు. డాక్టరు రాయని ఏ మందూ సంచిలో పెట్టుకోవద్దు.

అసలు చిక్కు దూరంలో ఉంది. ఈ దారిలో వెళ్ళి రావడం మొత్తం మూడు వేల కిలోమీటర్లు దాటుతుంది. చల్లపల్లి నుంచి విజయవాడకు పన్నెండు రోజుల్లో పాతికసార్లు వెళ్ళొచ్చినంత. నీస్ నుంచి బార్సిలోనాకే 660 కిలోమీటర్లు, అక్కడి నుంచి మ్యూనిక్‌కు పదమూడు వందలకు పైన. ఇటలీ పడమటి తీరంలో జెనోవా నుంచి నీస్ వైపు రోడ్డు కొండల అంచున సొరంగాలు, వంతెనలు, వంపులతో సాగుతుంది. వికారం ఉన్న పిల్లకు అది తగదు. పెద్దవాళ్ళు ఊళ్ళ పేర్లు లెక్కపెట్టుకుని వేసుకున్న ప్రయాణమిది. పిల్లకు ఊళ్ళ పేర్లతో పని లేదు. ఆమెకు నిద్ర, అన్నం, నేల మీద పరిగెత్తే చోటు కావాలి. కాబట్టి ప్రయాణం మానుకోనక్కర్లేదు కానీ స్పెయిన్‌ను, ఫ్రాన్స్‌ను ఈసారికి వదిలేయాలి. రెండే మకాములు పెట్టుకుని, మకాం మారే రోజు నాలుగు గంటలకు మించి కారు నడపకూడదు.

మొదటి మకాం ఇటలీలోని గార్డా సరస్సు. మ్యూనిక్ నుంచి దాదాపు 400 కిలోమీటర్లు. మధ్యలో బొల్జానోలో ఒక రాత్రి ఆగితే పిల్లకు తెలియనే తెలియదు. వెరోనా అక్కడికి దగ్గరే.

రెండో మకాం ఇటలీ తూర్పున ఉన్న కొమాక్కియో సముద్రతీరం. దాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. అది పో నది డెల్టా. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండుగా చీలి దివిసీమను చుట్టుకున్నట్టే, పో నది పాయలుగా విడిపోయి ఏడ్రియాటిక్ సముద్రంలో కలుస్తుంది. ఉప్పుకయ్యలు, చేపల మడుగులు, కాలువ గట్లు, వాటి పక్కన వరి. అవును, ఇటలీలో వరే. ఆ డెల్టా బియ్యానికి ఐరోపా భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. కృష్ణా కాలువలకు నీళ్ళు వదిలి నారుమళ్ళు పోసే రోజుల్లో అక్కడ పైరు అప్పటికే పచ్చగా నీళ్ళలో నిలబడి ఉంటుంది. ఇప్పుడు నాట్లు లేవు, విత్తనం నేరుగా చల్లుతారు. ఒకప్పుడు పో మైదానంలో నాట్లు వేయడానికి, కలుపు తీయడానికి ఊళ్ళ నుంచి తరలివచ్చిన ఆడకూలీలను మోందినే అనేవారు. జీవితమంతా వరిచేల మధ్య బతికిన నాయనమ్మకు ఫ్లోరెన్స్ మ్యూజియం కన్నా ఈ గట్టు మీద నిలబడటమే ఎక్కువ సంతోషం కలిగిస్తుంది. తాతయ్యకు పడవ షికారు ఉంది, కొమాక్కియో మడుగుల్లో ఫ్లెమింగోలు కనిపిస్తాయి. ఉప్పెన అనగానే దివిసీమ వాళ్ళకు 1977 నవంబరు 19 గుర్తొస్తుంది. పో డెల్టా వాళ్ళకు 1951 నవంబరులో గట్లు తెగి వచ్చిన వరద అలాంటిదే. ఆ తీరంలో సముద్రం చాలా దూరం దాకా లోతు ఉండదు, కింద ఇసుక. నడక వచ్చిన పిల్లకు అంతకన్నా మంచి ఆటస్థలం దొరకదు. ఈ రెండు మకాములతో మొత్తం ప్రయాణం పదమూడు వందల కిలోమీటర్ల దరిదాపుల్లో ముగుస్తుంది.

హోటలు గదుల కన్నా వంటగది ఉన్న ఇల్లు అద్దెకు తీసుకోవాలి. ఇటలీలో రాత్రి భోజనానికి హోటళ్ళు తెరిచేది ఏడున్నర ప్రాంతంలో. అప్పటికి పిల్ల నిద్రకు వాలిపోతుంది. అక్కడి అర్బోరియో బియ్యం మెత్తగా, జిగటగా ఉడుకుతాయి, పప్పన్నానికి అవి చాలు. మైసూరు పప్పులాంటి ఎర్ర పప్పు, తీపి కలపని పెరుగు ఏ సూపర్‌మార్కెట్‌లోనైనా ఉంటాయి. బయట తినాల్సి వస్తే పాస్తా ఇన్ బియాంకో అని అడిగితే కారం, సాసు లేని పాస్తా పెడతారు. నెయ్యి మాత్రం ఇండియా నుంచి పట్టుకెళ్ళనివ్వరు. పాలు, పాల పదార్థాలు, మాంసం ఐరోపా సమాఖ్యలోకి సామానులో తేకూడదు. పసిపిల్లల పాలపొడికి రెండు కిలోల దాకా మినహాయింపు ఉంది, డబ్బా సీలు తీయకూడదు. అక్కడ వెన్న కొని కాచుకుంటే నెయ్యి సిద్ధం. కోడి పచ్చడి వద్దు, బందరు ఎండురొయ్యలు, రొయ్యల పచ్చడి నిక్షేపంగా తీసుకువెళ్ళవచ్చు. పచ్చి కరివేపాకుకు మొక్కల ఆరోగ్య పత్రం కావాలి కనుక దాన్ని ఇంట్లోనే వదిలేయాలి. కారప్పొడికి అడ్డు లేదు.

వంటగది ఉంది కదా అని రోజంతా వంట ఆడవాళ్ళ మీదే పడకూడదు. ఉత్తరం మొత్తంలో కోడలు ఏమనుకుంటోందో ఒక్క వాక్యం కూడా లేదు. పిల్ల రాత్రి ఎన్నిసార్లు లేస్తుందో, ఏ వేళకు నిద్రపోతుందో అందరికన్నా తెలిసింది ఆమెకే. ప్రయాణపు వేళలు ఆమె చెప్పినట్టు వేయాలి, ఆ మాట కొడుకుతో అనగలిగింది నాయనమ్మే. అలాగే పెద్దవాళ్ళను పిల్లను చూసుకోవడానికే తీసుకువెళ్తున్నట్టు కాకూడదు. రోజుకు ఒక పూటైనా వాళ్ళిద్దరికీ విశ్రాంతి దొరకాలి. అయిదు సీట్ల కారులో పిల్ల సీటు బిగించాక వెనక ఇద్దరు పెద్దవాళ్ళు ఇరుక్కుని కూర్చోవాల్సి వస్తుంది, కాబట్టి ఏడు సీట్ల బండి తీసుకుని తాతయ్యకు ముందు చోటు ఇవ్వడం సబబు.

ఎండను తేలిగ్గా తీసుకోవద్దు. జూన్ చివర అక్కడ కూడా మిట్టమధ్యాహ్నం మండిపోతుంది. అంగళ్ళు చాలావరకు ఒంటిగంట నుంచి నాలుగు దాకా మూసేస్తారు. పిల్ల నిద్ర వేళ కూడా అదే. అయిదు నిమిషాల పనికైనా పిల్లను కారులో వదిలి దిగకూడదు. ఇటలీలో ఇలాంటి మరణాల వల్లే 2019 నుంచి నాలుగేళ్ళ లోపు పిల్లల సీటుకు, బిడ్డ మిగిలిపోతే మోగే హెచ్చరిక పరికరం తప్పనిసరి చేశారు. కారు ఇటలీలో అద్దెకు తీసుకుంటే అది అడిగి పెట్టించుకోవాలి.

కాగితాల పని కొంచెమే. పెద్దవాళ్ళకు షెంగెన్ వీసా ఒక్కటి చాలు, ఎక్కువ రోజులు ఉండే దేశానికి దరఖాస్తు చేయాలి. కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. ఆపదలో ఏ దేశంలోనైనా నంబరు 112. ఇటలీ పాత ఊళ్ళ నడిబొడ్డుకు అనుమతి లేని కార్లు పోకూడదు, కెమెరా పట్టేస్తుంది.

మోపిదేవి మొక్కుకు తొందర లేదు. వచ్చే సంక్రాంతికి పిల్లకు మూడో ఏడు నడుస్తుంటుంది, పుట్టువెంట్రుకలకు బేసి ఏడాదే కావాలి కదా. చల్లపల్లి నుంచి గుడి కొద్దిపాటి దారే. ఆ రోజు కూడా కారులో పిల్ల సీటు బిగించాలి, నాయనమ్మ దాని పక్కనే కూర్చోవాలి.