ఎం, ఐ, ఐ: ఈ మూడక్షరాల మర్మం

మీరు బ్యాంకు వెబ్‌సైటు తెరిచినప్పుడు అది ముందుగా ఒక ధ్రువపత్రం చూపిస్తుంది. ‘ఫలానా పేరు గల సైటును నేనే’ అని చెప్పే పత్రమన్నమాట. దానికి జంటగా ఎవరికీ చూపకూడని ‘ప్రైవేట్ కీ’, అంటే రహస్యపు తాళంచెవి, వేరే ఫైల్లో ఉంటుంది. ఇటువంటి ఫైళ్లను ‘పెమ్’ రూపంలో చూస్తే మొదటి, చివరి పంక్తులు తప్ప అన్నీ అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలే! కాని ఒక చిత్రం. చాలా ఫైళ్లలో ఆ అక్షరాలు ఎం, ఐ, ఐ అనే మొదలవుతాయి. ఎందుకని?

ఇదే ఫైలుకు ‘డెర్’ అనే మరో రూపముంది. అందులో అక్షరాలుండవు, బైట్లుంటాయి. బైటు అంటే 0 నుంచి 255 లోపు ఒక సంఖ్య. తొలినాటి ఈమెయిలు అక్షరాలను మోసేదే కాని అన్ని బైట్లనూ క్షేమంగా చేర్చలేకపోయేది. అందుకే వాటిని అక్షరాలుగా మార్చేవారు. 1993లో వెలువడిన ఒక ఈమెయిలు భద్రతా ప్రమాణం నుంచే పెమ్ అన్న పేరు వచ్చింది.

కాగితం, పెన్సిలు తీసుకోండి. ఒక డెర్ ఫైల్లో మొదటి బైట్లు 48, 130, 3 అనుకుందాం. 48 అంటే ‘ఇక్కడ ఒక వరుస మొదలు’ అని. 130 అంటే ‘దాని పొడవు తర్వాతి రెండు బైట్లలో ఉంది’ అని. 3 ఆ పొడవులోని మొదటి భాగం. వీటిని ద్విసంఖ్యామానంలో రాస్తే:

00110000 10000010 00000011

ఈ 24 అంకెలనే ఇప్పుడు ఆరేసి చొప్పున విడదీయండి:

001100 001000 001000 000011

అంటే 12, 8, 8, 3. ఏ అక్షరానికి 0, బి అక్షరానికి 1 అని లెక్కిస్తూ పోతే ఎం, ఐ, ఐ, డి వచ్చాయి కదూ! మూడు బైట్లకు నాలుగు అక్షరాలు, కాబట్టి ఫైలు మూడో వంతు పెరుగుతుంది.

వందల ఫైళ్లుంటే ఈ పని చేతితో చేయలేం. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ప్రోగ్రాముకు ఒక్కో ఫైలునే అందించే ఆజ్ఞలు వరుసగా రాసి పెడతారు. అదే స్క్రిప్టు.

ఇప్పుడు ఎం, ఐ, ఐ, ఇ నుంచి వెనక్కి నడవండి. 48, 130, 4 వచ్చాయా? మధ్యలో ఎక్కడైనా పాస్‌వర్డు అడిగిందా? లేదు! గజిబిజిగా కనిపిస్తే రహస్యమేనని పెద్దవాళ్లూ పొరబడుతుంటారు. తాళం వేయని ప్రైవేట్ కీ పెమ్ ఫైలు ఎవరి చేతికి చిక్కినా, వాళ్లు ఆ సైటు వేషం వేయగలరు.

ధ్రువపత్రాన్నీ కీనీ కలిపి, పాస్‌వర్డుతో బిగించే ‘పి12’ అనే రూపం కూడా ఉంది. దాన్ని పెమ్‌గా మార్చే స్క్రిప్టులో ‘తాళం వద్దు’ అన్న చిన్న ఆజ్ఞ ఉంటే చాలు, కీ బట్టబయలుగా డిస్కు మీద పడి ఉంటుంది. మార్పిడి బాగానే జరిగింది కనుక స్క్రిప్టు ఏ తప్పూ చూపదు.