సిగ్నల్ చూసినట్టు మందును చూడండి

ఖరగ్‌పూర్ మథురాకాటి రైల్వే క్వార్టర్ల వైపు వెళ్తే తెలుగు వినిపిస్తుంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో ఉత్తరాంధ్ర నుంచి పని కోసం వచ్చినవాళ్ల మనవలు, మునిమనవలు వాళ్లు. ఇంట్లో తెలుగు, గోల్‌బజార్లో బెంగాలీ, బడిలో హిందీయో ఇంగ్లిషో. ఇన్ని భాషలు అవలీలగా మాట్లాడే పిల్ల నర్సింగ్ పరీక్ష దగ్గరకొచ్చేసరికి ‘మందుల పేర్లు నోటికి రావట్లేదండీ’ అంటుంది.

రాకపోతే పోనివ్వండి. పేర్లు ఒక్కటే వల్లెవేసి ప్రయోజనం లేదు.

మీ ఇంట్లోనో పక్కింట్లోనో లోకో పైలట్ ఉంటే ఒక మాట అడగండి: సిగ్నల్ వస్తే ఏం చేస్తారు? చూస్తారు, ఒకరు పైకి చెప్తారు, రెండోవారు తిరిగి అంటారు. రోజూ వెళ్లే దారే, రోజూ చూసే సిగ్నలే. అయినా నిన్న పచ్చగా ఉంది కదా అని ఎవరూ ఊరుకోరు.

మందు దగ్గరా అంతే. ఇచ్చే ముందు ఏం చూడాలి? ఇచ్చాక ఏం కనిపెట్టాలి? వికటిస్తే విరుగుడేమిటి? డిగాక్సిన్ అనగానే స్టెతస్కోప్ పెట్టి గుండె చప్పుడు నిండు నిమిషం లెక్కపెట్టాలి. పెద్దవాళ్లలో 60కి తగ్గితే డోసు ఆపి డాక్టరుకు చెప్పాలి. అదే రోగి లాసిక్స్ కూడా వాడుతుంటే పొటాషియం రిపోర్టు చూడాలి. అది పడిపోతే డిగాక్సిన్ విషమవుతుంది. గర్భిణికి మెగ్నీషియం సల్ఫేట్ ఎక్కుతుంటే మోకాలి రిఫ్లెక్స్, శ్వాస, మూత్రం చూస్తూ ఉండాలి; కాల్షియం గ్లూకోనేట్ చేతికందేలా ఉండాలి.

ఇన్సులిన్ దగ్గర మాత్రం కాస్త ఆగండి. మన దగ్గర సీసాలు ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లవి, పెన్నులో వేసేవి 100 యూనిట్లవి. సిరంజీలూ రెండు రకాలు: 40కి ఎర్ర మూత, 100కి నారింజ మూత. 40 సీసాలోంచి 100 సిరంజీతో 20 గీత దాకా తీస్తే రోగికి అందేది 8 యూనిట్లే. 100 మందును 40 సిరంజీతో అదే గీత దాకా తీస్తే ఏకంగా 50! ఈ లెక్క పుస్తకంలో చదివి వదిలేయకండి. రెండు సిరంజీలు పక్కపక్కన పెట్టుకుని, నీళ్లతో లాగి చూడండి.

మనవాడి మందూ ఒకటుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ మందుల సంస్థలో నడిపిన పరిశోధనల్లోంచి వచ్చింది మెథోట్రెక్సేట్. రుమటాయిడ్ కీళ్లవాతానికి అది వారానికి ఒక్కసారే. పొరపాటున రోజూ ఇస్తే ప్రాణం మీదికొస్తుంది.

పరీక్షలు ఏం అడుగుతాయంటారా? 2024లో రైల్వే నర్సింగ్ సూపరింటెండెంట్ పోస్టులకు ప్రకటించిన పరీక్షలో 100 ప్రశ్నలకు 70 వృత్తికి చెందినవే. టైము 90 నిమిషాలు, తప్పు జవాబుకు మూడో వంతు మార్కు కోత. గుడ్డిగా జవాబులు పెట్టడం లాభం కాదు. అమెరికా లైసెన్సుకు రాసే ఎన్‌క్లెక్స్‌లో, 2023 ప్రణాళిక ప్రకారం, మందులు, సెలైన్ల భాగం 13 నుంచి 19 శాతం. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి ఒక రోగి కథ చెప్పి, ఇప్పుడు మీరేం చేస్తారని అడగడం అందులో పెరిగింది. అక్కడ బట్టీ చదువు ఎక్కువ దూరం రాదు.

అందుకే జంటగా చదవండి. ఒకరు మందు పేరనాలి, రెండోవారు ముందేం చూడాలో గట్టిగా చెప్పాలి. తోడు దొరక్కపోతే వంటింట్లోకి వెళ్లి రోజుకో మందు అమ్మకు ఇంటి తెలుగులో చెప్పండి. కూర కలుపుతూనే ఆవిడ, ‘అయితే ఇది ఇచ్చే ముందు గుండె లెక్కపెట్టాలన్నమాట’ అందా, ఆ మందు మీకొచ్చినట్టే.