మరపు పొందిన పెద్దలు – మన సంఘము

చదువవలసిన భాగము: 2 సమూయేలు 19:31–39



దావీదు తన కుమారునికి భయపడి పారిపోయి మహనయీమునకు వచ్చినప్పుడు పరుపులు, పాత్రలు, గోధుమలు, తేనె తెచ్చి ఆదుకొనినవారిలో గిలాదీయుడైన బర్జిల్లయి యొకడు. కష్టము గడచినది. రాజు అతనిని తనతోకూడ యెరూషలేమునకు రమ్మని పిలిచెను. ఆ వృద్ధుడు ఏమి చెప్పెనో గమనింపుడి. తనకు ఎనుబదియేండ్లు నిండినవనియు, మంచిచెడ్డల భేదము తెలియుట లేదనియు, తిన్నదాని రుచి తెలియదనియు, పాటలు వినబడవనియు, రాజునకు తాను భారమగుట యెందుకనియు చెప్పెను.

అతనికి మతిమరుపు వ్యాధి యున్నదని వాక్యము చెప్పుట లేదు. అయినను "నేను మీకు భారము" అను మాట మన గ్రామములలో ఎందరు పెద్దల నోట మనము వినుట లేదు? దావీదు అతనిని బలవంతపెట్టలేదు, తేలికచేయలేదు. ముద్దుపెట్టుకొని దీవించెను. తాను మరణించు దినములలో సహితము బర్జిల్లయి కుమారులను నీ బల్లయొద్ద భోజనము చేయనిమ్మని సొలొమోనుకు ఆజ్ఞాపించెను (1 రాజులు 2:7). ఆ వృద్ధునికి ఏమి తెలియకపోయినను, అతడు చేసిన మేలు రాజు మరువలేదు.

నేడు డిమెన్షియా అని వైద్యులు పిలుచునది ముసలితనపు చాదస్తము కాదు. మెదడునకు కలుగు వ్యాధి. ఇందులో ఎక్కువగా కనబడునది ఆల్జీమర్స్. జర్మనీ దేశపు వైద్యుడు ఆలోయిస్ ఆల్జీమర్ దానిని 1906లో మొదట వివరించెను. మెదడులో రక్తనాళములు పూడుకొనుటవలనను ఇట్టి స్థితి రావచ్చును. మన దేశములో 60 ఏండ్లు దాటినవారిలో సుమారు 88 లక్షల మందికి ఈ వ్యాధి యున్నదని 2023లో ప్రచురింపబడిన యొక అధ్యయనము అంచనా వేసినది. పట్టణములకంటె పల్లెలలోను, పురుషులకంటె స్త్రీలలోను ఇది ఎక్కువని అందులోనే తేలినది. అనగా మన సంఘపు చాపలమీద ఎడమవైపున కూర్చుండు తల్లులలోనే ఇది యున్నది.

కొందరు దీనిని దయ్యమనియు, పూర్వపాపమునకు శిక్షయనియు చెప్పి, ముసలివారిని ఉపవాసములకు కూర్చుండబెట్టి, కేకలువేసి ప్రార్థించుచున్నారు. పుట్టుగ్రుడ్డివానినిగూర్చి శిష్యులు అడిగిన ప్రశ్నకు ప్రభువు ఇచ్చిన జవాబు (యోహాను 9) వీరు చదువలేదా? ప్రార్థింపుడి, గాని ముందు వైద్యునియొద్దకు తీసికొనిపోవుడి. థైరాయిడ్ తగ్గుటవలనను, బి12 విటమిన్ లోపమువలనను, మనస్సు కృంగుటవలనను, కొన్ని మందులవలనను ఇటువంటి మరపు కలుగును; అట్టిది చికిత్సతో చాలమట్టుకు సర్దుకొనును. పరీక్ష చేయింపక "ముసలితనము గదా" అని ఊరకుండుట మంచిది కాదు.

ఇక సంఘములో మనము చేయదగినవి చాల చిన్నవి. వృద్ధురాలిని చూచిన వెంటనే "నన్ను గుర్తుపట్టితివా అమ్మమ్మా?" అని పదిమందిలో పరీక్ష పెట్టుట మానవలెను. "నేను ఫలాని వారి కోడలిని, నీ ప్రక్కింటిదానిని" అని మనమే చెప్పుకొనిన ఆమెకు సిగ్గు తప్పును. ఎప్పుడో చనిపోయిన భర్త పొలమునుండి రాలేదేమని ఆమె అడిగినయెడల వాదింపక, ఆయననుగూర్చియే మాటలాడింపుడి. ఆమె ఎదుటనే ఆమె సంగతి ఇతరులతో చెప్పకుడి. ప్రతి ఆదివారము అదే చోట, తలుపునకు దగ్గరగా, తెలిసినవారి ప్రక్కను కూర్చుండనిండు. మైకు మోత తగ్గింపుడి. నలుబదిమందికి నాలుగూళ్లకు వినబడు మైకు ఎందుకో మాకు ఎన్నడును బోధపడలేదు. ఆ మోత ఇట్టివారిని మరింత కలవరపెట్టును. కొత్త పాటలతోపాటు ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలోని పాతవి రెండైనను పాడుడి. బిడ్డల పేర్లు మరచినవారు సహితము చిన్ననాట నేర్చిన కీర్తనను చరణము తప్పక పాడుట అనేకచోట్ల చూచుచున్నాము.

ప్రభురాత్రి భోజన విషయములో కొందరు పెద్దలకు సందేహమున్నది. తన్నుతాను పరీక్షించుకొనలేనివానికి రొట్టె ఇయ్యవచ్చునా అని అడుగుదురు. 1 కొరింథీయులకు 11వ అధ్యాయము మొదటినుండి చదువవలెను. అక్కడ కలిగినవారు ముందుగా తిని త్రాగి, పేదలను ఆకలితో విడిచి, సంఘమును తిరస్కరించిరి. పౌలు పరీక్షించుకొనుమనినది అట్టివారిని. ఒకరికొరకు ఒకరు కనిపెట్టుకొనుడని ఆ భాగము ముగియుచున్నది. నలుబదియేండ్లు ఈ బల్లయొద్దకు వచ్చినవానిని, జ్ఞాపకము పోయినదని గుమ్మమువద్ద నిలువబెట్టినయెడల ఆ తిరస్కారము మనదే యగును. ఇయ్యవలెననియే మా తీర్మానము. మ్రింగుట కష్టమైనవారికి రొట్టె అతిచిన్న ముక్కగా ఇచ్చి, ప్రక్కను ఒకరు కనిపెట్టియుండవలెను.

ఇంటిలోని కోడలినిగూర్చి ఒక మాట. రాత్రులు నిద్రలేక, ఆరు నెలలనుండి గుడికి రాలేక యున్న ఆమెను "భక్తి తగ్గినది" అని చెప్పుకొనుచున్నాము! స్త్రీల సమాజమువారు వంతులు వేసికొని, ఆదివారమునకొకరు రెండు గంటలసేపు ఆ వృద్ధురాలియొద్ద కూర్చుండినయెడల ఈమె ఆరాధనకు రాగలదు, లేదా కొంచెము నిద్రపోగలదు. ఇంటిలో పురుగుమందు డబ్బాలను తాళమువేసి యుంచుమని చెప్పుడి; మంచినీళ్లనుకొని త్రాగు ప్రమాదమున్నది. దారితప్పి వెళ్లు అలవాటున్నవారి జేబులోగాని కొంగునగాని పేరు, ఊరు, ఫోను నంబరు వ్రాసిన కాగితముండవలెను. టీ కొట్టువానికి, ఆటోవారికి, బస్సు ఆగుచోటనున్నవారికి ముందే చెప్పియుంచవలెను; ఏ మతమువారైనను ఈ విషయములో కాదనరు. వృద్ధులకొరకు ప్రభుత్వము నడుపు ఎల్డర్‌లైన్ 14567 నంబరునకు ఉచితముగా ఫోను చేసి సలహా పొందవచ్చును.

వచ్చు నెల సంఘపెద్దల కూటమిలో, ఆరాధనకు రావడము మానిన వృద్ధుల పేర్లు చదివి, ఏ యింటికి ఎవరు వెళ్లుదురో నిర్ణయింపుడి.